పసుపు పూస్తుందా?

“పసుపు కూడా పూస్తుందా అక్కా?” అని అడిగింది మా పక్కవాటా అమ్మాయి, 2024 భాద్రపదంలో ఒకనాడు మా డాబా మీద బట్టలు ఆరవేస్తూ.

అడగటంలో తప్పేమీ లేదు. పుట్టిననాటినుంచీ గడపకు పూస్తాం, కాళ్ళకు రాసుకుంటాం, పప్పులో వేస్తాం, పెళ్ళిలో దారానికి పూసి మెడలో కట్టించుకుంటాం. కాని ఆ మొక్క పువ్వును చూసినవాళ్ళు మనలో ఎందరుంటారు? నలభై ఏళ్ళు వచ్చేదాకా నేనూ చూడలేదు.

ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని పిట్టగోడ వారగా వరసన పెట్టిన సంచుల దగ్గరికి తీసుకువెళ్ళాను. చిన్న అరిటాకుల్లాంటి ఆకుల్ని పక్కకు ఒత్తి చూపించాను. ఆకుల నడుమనుంచి జానెడు పొడుగు కంకి ఒకటి లేచి ఉంది. లేత ఆకుపచ్చని దొప్పలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పైకి పోయినకొద్దీ అవి తెల్లబడి, కొసన కాస్త గులాబి చాయ తిరుగుతాయి. అసలు పువ్వులు అవి కావు. ఆ దొప్పల్లోపల, వంగి చూస్తేగాని కనబడకుండా, చిన్న చిన్న పచ్చని పువ్వులు దాక్కుని ఉంటాయి.

“ఎంత బాగుంది! మరి కాయ కాస్తుందా?”

కాయదు. అదే పసుపులోని విచిత్రం. మామూలు మొక్కల్లో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. పసుపులో అవి మూడేసి ఉంటాయి. జత కుదరదు గనక గింజ కట్టదు. పువ్వు పూసి, నాలుగు రోజులుండి, ఊరికే వాడిపోతుంది. మనిషి దుంప విరిచి మట్టిలో పెడితేనే మళ్ళీ మొలక. అంటే మీ పోపులపెట్టెలో ఉన్న పసుపైనా, నా పోపులపెట్టెలో ఉన్న పసుపైనా, వెనకటికి ఎవరో వండుకోకుండా దాచిపెట్టిన కొమ్ము తాలూకు ముక్కే. ఏ ఇంట్లోనైనా ఒక్క ఏడు దాచటం మరిచిపోయారా, ఆ ఇంటి పసుపు అక్కడితో సరి.

ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా దీనిమీదనే నడుస్తుంది.

నేను పుట్టింది తెనాలి దగ్గర. దుగ్గిరాల పసుపు యార్డు మా ఊరికి దూరం కాదు. కృష్ణ ఒడ్డు లంకల్లో పసుపు చేలు బస్సులోంచి చూస్తూ పెరిగాను. అందుచేత పసుపంటే నాకు తెలియనిది లేదన్న ధీమా ఉండేది. మా నాన్నగారు బడిపంతులు. మాకు సెంటు భూమి లేదు. కనక నాకు తెలిసిన పసుపంతా బస్తాల్లో ఉన్న పసుపేనని తరవాత తెలిసివచ్చింది.

పెళ్ళయి ఈ ప్రాంతానికి వచ్చాను. మావారి ఉద్యోగం కామారెడ్డిలో. అత్తవారి ఊరు ఎల్లారెడ్డికి అవతల, పోచారం కాలువ కింద. కామారెడ్డిలో బస్సెక్కితే లింగంపేట మీదుగా వెళ్ళాలి. కొత్తలో అత్తగారిని మా అలవాటు ప్రకారం “అత్తయ్యగారూ” అని పిలిచాను. ఆవిడ నవ్వి, “గారు ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దార్నా?” అంది. ఆనాటినుంచీ అత్తమ్మే.

అత్తమ్మ పెరట్లో రెండు గుంటల నేల పసుపుకే వదిలిపెట్టింది. అమ్మేందుకు కాదు. ఇంటికి, ఆడబిడ్డలకు, పండుగలకు. ఆ విత్తనం ఆవిడ పుట్టింటిది. ఇక్కడ ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, కుడకలు, పసుపు కొమ్ములు ఆ ఒడిలో ఉంటాయి. మామూలుగా అయితే ఎండిన కొమ్ములే పోస్తారు. అవి ఉడకబెట్టినవి గనక మొలవవు. కాని ఆవిడను కన్నతల్లి వాటితోబాటు నాలుగు పచ్చి దుంపలు కూడా వేసి, “పాతుకో బిడ్డా” అన్నదిట. ఆ నాలుగు దుంపలే ఏభై ఏళ్ళలో రెండు గుంటలయ్యాయి.

2022 వేసవిలో ఊరినుంచి వచ్చేటప్పుడు అత్తమ్మ నాకు ఒక మూట ఇచ్చింది. కళ్ళు తేలిన పచ్చి కొమ్ములు, రెండు కిలోలుంటాయి. “డాబా మీద పెట్టుకో. ఇంటి పసుపు ఇంట్ల ఉండాలె” అంది.

పెట్టుకున్నాను. బజారునుంచి మంచి ప్లాస్టిక్ తొట్లు తెచ్చాను. కింద కంతలు పెడితే నీరు కారి డాబా పాడవుతుందని పెట్టలేదు. పసుపుకు తేమ ఇష్టమని పుస్తకంలో చదివాను కనక రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాను. ఆషాఢంలో ఆకులు నవనవలాడుతూ వచ్చాయి. ఫోటోలు తీసి మా చెల్లెలికి కూడా పంపాను. శ్రావణం వచ్చేసరికి ఆకు అంచులు పచ్చబడ్డాయి. నీళ్ళు చాలలేదు కాబోలునని ఇంకో చెంబు ఎక్కువ పోశాను. వారం తిరక్కుండా మొక్కలు ఒరిగిపోయాయి. పట్టుకు లాగితే కాండం చేతికి వచ్చింది. దుంప మెత్తగా చితికి, కంపు కొడుతూంది.

ఒక్కటీ మిగలలేదు.

ఆ వార్త ఫోనులో చెప్పటానికి నోరు రాలేదు. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. “అత్తమ్మా, విత్తనం పోయింది” అన్నాను, కాళ్ళు కడుక్కోకముందే.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఎన్ని నీళ్ళు పోసినవ్ బిడ్డా?” అంది.

“రోజూ రెండు పూటలా.”

“తొట్టికి కంతలున్నయా?”

“లేవు.”

“మరి పోదా! పసుపుకు దూప ఎక్కువ. గని నీళ్ళు తాగెటందుకు పొయ్యాలె, మునిగెటందుకు గాదు.”

ఇంతకంటే బాగా ఏ వ్యవసాయ శాస్త్రజ్ఞుడూ చెప్పలేడనుకుంటాను. దీన్నే వాళ్ళు దుంపకుళ్ళు అంటారు. నిలవనీటిలో పిథియం అనే శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి బలిసి, ముందు వేరును, తరవాత దుంపను తినేస్తుంది. ఆకు పచ్చబడ్డదని మనం ఇంకా నీళ్ళు పోస్తే దానికి విందు చేసినట్టే. అందుకే రైతులు పసుపును బోదెలమీద పెట్టి, నీటిని పక్క కాలువల్లో పారిస్తారు. తడి వేరుకు అందాలి. వేరు మాత్రం నీళ్ళలో నానకూడదు.

మరుసటి ఏడు అత్తమ్మ మళ్ళీ విత్తనం ఇచ్చింది. ఈసారి ఒక కిలోయే. “ఇంతకు ముందు బాకీ ఉన్నవ్” అంది నవ్వుతూ. ఆ నవ్వు నన్ను ఎంత జాగ్రత్తగా ఉంచిందో చెప్పలేను. 2023 నుంచీ నేను చేస్తున్న పద్ధతి ఇదీ. డాబా ఉన్నవాళ్ళకు, నాలుగడుగుల పెరడున్నవాళ్ళకు పనికివస్తుందని రాస్తున్నాను.

తొట్లు అవసరం లేదు. పాతిక కిలోల బియ్యం సంచులు చాలు. అడుగున, పక్కల పది పన్నెండు కంతలు పెట్టి, కింద రెండేసి ఇటుకలు పేర్చాలి. నీరు నిలవకుండా జారిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసక ఒక పాలు కలిపి, సంచికి గుప్పెడు వేపపిండి వెయ్యాలి. ట్రైకోడెర్మా అని మంచి శిలీంధ్రపు పొడి ఒకటి ఎరువుల కొట్లో దొరుకుతుంది. ఎరువులో కలిపి పెడితే దుంపకుళ్ళును చాలావరకు అడ్డుకుంటుంది.

మృగశిర కార్తె వచ్చి, రెండు వానలు పడ్డ తరవాత పాతాలి. కళ్ళు తేలిన కొమ్మును రెండంగుళాల ముక్కలుగా విరిచి, కన్ను పైకి ఉండేటట్టు రెండంగుళాల లోతున, సంచికి రెండు చొప్పున పెట్టాలి. పైన ఎండుటాకులు కప్పాలి. మొలక రావటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆత్రపడి తవ్వి చూడకండి. మా అమ్మాయి ఆ పని చేసి రెండు మొలకలు విరిచింది.

సగం నీడ దీనికి హాయి. వేలు మట్టిలో దించి చూసి, రెండు కణుపులు లోపలికి పోయినా తడి తగలకపోతేనే నీళ్ళు. నెలకొకసారి పిడికెడు ఎరువు. దుంప పైకి తేలితే మట్టి ఎగదోయాలి. పుష్యమాసంలో ఆకులు వాటంతటవే పండిపోతాయి. అప్పుడు నీళ్ళు మానెయ్యాలి. తొమ్మిది నెలలు దీని గడువు. “ఆడిదాని కాన్పు లెక్కనే” అంటుంది అత్తమ్మ.

ఆ ఏడు పన్నెండు సంచుల్లో ఆరు కిలోల పచ్చి దుంప వచ్చింది. మధ్యనున్న గుండ్రని తల్లిదుంపను మా పక్క నిజామాబాద్ మార్కెట్లో మండ అంటారు. దానికి వేళ్ళలాగా వచ్చిన పిల్లకొమ్ములను కాడి అంటారు. ముందు రెండు కిలోలు విత్తనానికి తీసి, నీడపట్టున ఇసకలో కప్పిపెట్టాను. ఈసారి ఆ పని మాత్రం మరవలేదు.

మిగిలిన నాలుగు కిలోలూ వండాను. పసుపును “వండటం” అనే అంటారు. మట్టిపోయేటట్టు కడిగి, గుండిగలో వేసి, దుంపలు మునిగి పైన నాలుగు వేళ్ళెత్తు నీళ్ళు పోసి, మూతపెట్టి ఒక గంట మరిగించాలి. తెల్లని నురుగు పొంగి, ఇల్లంతా కమ్మని మట్టివాసన వేస్తుంది. చీపురుపుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. తక్కువ ఉడికితే ఎండాక రంగు ఒక చోట ముదురు, ఒక చోట లేతగా వస్తుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఆ తరవాత పది పదిహేను రోజులు ఎండ. రాత్రి మంచు తగలకుండా గోనెపట్టా కప్పాలి. విరిస్తే టక్కుమని లోహం మోగినట్టు మోగితే ఎండినట్టు. నాలుగు కిలోల పచ్చి పసుపుకు నాకు ఎనిమిది వందల గ్రాముల ఎండు పసుపు దక్కింది. నూటికి ఇరవై, మహా అయితే పాతిక పాళ్ళు. ఆ లెక్క తెలిశాక కొట్లో పసుపు ధర చూసి గొణగటం మానేశాను.

పిండిమరకు తీసుకువెళితే మరాయన చేతులు జోడించాడు. పసుపు ఆడితే తరవాత వచ్చినవాళ్ళ గోధుమపిండి కూడా పెళ్ళిపిండి అవుతుందిట! చివరికి కారం మరలో ఆడించుకున్నాను.

ఇక వాడకం. పొడి సంగతి అందరికీ తెలిసిందే. ఆకు సంగతి చాలామందికి తెలియదు. లేత పసుపు ఆకు మీద తడిపిన బియ్యప్పిండి పలచగా అద్ది, బెల్లం, కొబ్బరి కూరి మడిచి, ఆవిరిమీద ఉడికిస్తే ఆ సువాసన చెప్పనలవి కాదు. కొంకణ తీరంలో ఇది వినాయక చవితి వంట. వాళ్ళు పాతోళీ అంటారు. ఇప్పుడు మా ఇంట్లో కూడా చవితికి ఉండ్రాళ్ళ పక్కన అవి ఉండవలసిందే. పచ్చి కొమ్మును సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం వేసి రెండు రోజులు ఊరనిస్తే పెరుగన్నంలోకి బాగుంటుంది. బతుకమ్మ పండుగకు పేర్చిన పూలమీద పెట్టే గౌరమ్మను కొట్టు పసుపుతో చేసే అవసరం కూడా తప్పింది.

పసుపులో రంగునిచ్చే పదార్థం కుర్కుమిన్. 1815 లో ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు వోగెల్, పెల్తియే దాన్ని విడదీశారు. అది నీళ్ళలో కరగదు, నూనెలో, వెన్నలో కరుగుతుంది. అందుకే పోపులో వేసిన పసుపు కూరంతా పట్టుకుంటుంది. దానికి వొంటపట్టే గుణం తక్కువ. మిరియంతో కలిపి ఇస్తే రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998 లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించారు. పసుపు పాలల్లో చిటికెడు మిరియప్పొడి వేసిన అమ్మమ్మలు ఏ పత్రికా చదవలేదు. అయితే ఇదే చేత్తో ఒక మాట. పాలు, మిరియం దగ్గుకు సరే. పెద్ద జబ్బుకు డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

సున్నం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. పారాణి అలాగే వస్తుంది, పాత పద్ధతి కుంకుమ కూడా ఆ గుణంమీదే తయారవుతుంది. తెల్లచీర మీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడేది కూడా ఇందుకే. కంగారుపడకండి. ఉతికి మంచి ఎండలో ఆరవేస్తే ఆ రంగు దానంతట అదే వెలిసిపోతుంది. కుర్కుమిన్‌కు ఎండ గిట్టదు. పసుపు డబ్బాను వెలుతురు తగలని చోట పెట్టమనేది అందుకే.

ఇంటి పసుపు చేసుకోవటంలో ఇంకో నిశ్చింత ఉంది. బంగ్లాదేశ్‌లో పసుపుకు మెరుపు రావటానికి సీసం కలిసిన రంగు అద్దుతున్నారని 2019 లో పరిశోధకులు బయటపెట్టారు. సీసం పిల్లల మెదడుకు చేటు. అక్కడ ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నాక, 2019 లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో కనిపించిన సీసం 2021 నాటికి కనిపించకుండా పోయింది. అంటే మనసుపెడితే ఆగుతుందన్నమాట. మీరు కొన్న పసుపును ఒక చెంచాడు గ్లాసెడు నీళ్ళలో వేసి కదపకుండా ఉంచండి. మంచిదైతే పొడి అడుగుకు దిగి నీళ్ళు లేత పచ్చగా ఉంటాయి. రంగు కలిపినదైతే నీళ్ళు చిక్కగా పచ్చబడతాయి. మరీ మెరిసే కొమ్ముల్ని చూసి మురిసిపోకండి.

అన్నట్టు, గాయానికి పసుపు అద్దటం తాము కనిపెట్టామని 1995 లో అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలూ, పత్రికలూ సాక్ష్యం పెట్టి వాదించింది. 1997 లో ఆ పేటెంటు రద్దయింది. ఆ సంగతి చెబితే అత్తమ్మకు నమ్మకం కలగలేదు. “పసుపు అద్దెటందుకు కాయిదమా!” అని చాలాసేపు నవ్వింది.

పసుపు వేసి బతికేవాళ్ళకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఎకరాకు పది క్వింటాళ్ళ విత్తనం, తొమ్మిది నెలల కాపలా, తవ్వుడు కూలి, వండే కట్టెలు. ఇంతా చేసి యార్డులో ఆ రోజు పలికిన ధరే గతి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీచేశారు. అందులో 170 మందికి పైగా రైతులే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని అలా చెప్పుకున్నారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14 న, సంక్రాంతినాడు మొదలయింది. నిజామాబాదే దానికి కేంద్రం. బోర్డు వచ్చింది, ఇక ధర నిలవాలని ఇక్కడి ఇళ్ళలో అందరూ కోరుకునేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2025 ఆగస్టు 27, వినాయక చవితి. అత్తమ్మా మామయ్యా ఊళ్ళో ఉన్నారు. మేము కామారెడ్డిలో ఉన్నాము. పొద్దున పసుపాకులు కోసుకొచ్చి పిండి అద్దుతూంటే వాన మొదలయింది. అది వానలా లేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మాకు ఏడాది పొడుగునా కురిసేదే సుమారు వంద. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. బిక్కనూరు, తలమడ్ల మధ్య రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రోడ్లు ఎక్కడికక్కడ తెగాయి.

ఆ రాత్రి మావారూ నేనూ గొడుగు వేసుకుని డాబా మీదికి మూడుసార్లు వెళ్ళాము. పదహారు సంచులు. కంతల్లోంచి నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. మూడు సంచుల కంతలు మట్టితో పూడిపోతే మావారు చీపురుపుల్లతో పొడిచారు. అయినా మనసు సంచులమీద లేదు. పోచారం కట్టమీద ఉంది. 1922 లో కట్టిన కట్ట. ఆ పక్కన నీళ్ళు కోస్తున్నాయని, ఏ క్షణాన ఏమవుతుందోనని వార్తలు. ఊరికి ఫోను కలవలేదు.

మర్నాడు సాయంత్రం మామయ్య గొంతు వినిపించింది. “మేము మంచిగనే ఉన్నం. కట్ట నిలబడ్డది” అన్నాడు. మావారు ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు.

బస్సులు తిరిగాక వెళ్ళాము. ఇల్లు నిలిచింది. వరి పొలాల్లో ఇసక మేట వేసింది. పెరట్లో పసుపు గుంటల్లో నాలుగు రోజులు నడుములోతు నీళ్ళు నిలిచాయిట. నీళ్ళు తీసినా ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నాకు ఆశ కలిగింది. అత్తమ్మ మాత్రం ఒక మొక్క మొదట్లో చెయ్యిపెట్టి నొక్కి చూసి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నెల తిరిగేసరికి గుంటలు రెండూ పండుబారి ఒరిగిపోయాయి.

మామయ్య, “ఆర్మూరు దిక్కు మంచి విత్తనం దొరుకుతది, తెప్పిస్తా” అన్నాడు. మాట నిజమే. అక్కడ ఎకరాలకొద్దీ పసుపు పండుతుంది. అత్తమ్మ వద్దనలేదు, సరేననీ అనలేదు. ఆ ఏటి బతుకమ్మకు గౌరమ్మను కొట్టు పసుపుతోనే చేసింది.

మా డాబా మీద మూడు సంచులు పోయాయి. పదమూడు మిగిలాయి. నేను ఆవిడకు చెప్పలేదు. ఒకసారి పోగొట్టినదాన్ని, చెప్పి మళ్ళీ పోగొడితే? పుష్యందాకా రోజూ మట్టిలో వేలు పెట్టి చూస్తూ గడిపాను. మాఘంలో తవ్వాను. ఆరు కిలోలకు కాస్త తక్కువ. గట్టి దుంప, విరిస్తే లోపల నారింజపండు రంగు. ఒక్క కొమ్ము కూడా వండలేదు. అంతా మూటకట్టి, ఆదివారం బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఎల్లారెడ్డి వెళ్ళాను.

మూట విప్పగానే అత్తమ్మ ఒక కొమ్ము తీసి, గోటితో గీకి, వాసన చూసింది. “మా అమ్మదే” అంది. ఇంకేమీ అనలేదు. కాసేపటికి చాట తెప్పించి, దుంపలన్నీ పోసి ఏరటం మొదలుపెట్టింది. రెండు కుప్పలు చేసింది. ఒక కుప్పను ఇసక గంపలోకి ఎత్తింది. రెండోదాన్ని చేతులతో పట్టుకుని, “కొంగు పట్టు బిడ్డా” అంది.

“ఎందుకత్తమ్మా, రెండు గుంటలకు ఇవి ఏ మూలకు? అన్నీ ఇక్కడే ఉంచండి” అన్నాను.

“వచ్చే ఏడు ఇవే ఇరవై సేర్లయితయ్. మూడు నాలుగేండ్లకు గుంటలు నిండుతయ్. గని ఒక్క కాడ పెట్టొద్దు. వాన ఇక్కడ కొడితె అక్కడ ఉండాలె, అక్కడ కొడితె ఇక్కడ ఉండాలె” అని ఒడిలో పోసింది. “బాకీ తీరింది పో” అని కూడా అంది.

కనక ఈ ఏడు మా ఇంట్లో ఇంటి పసుపు లేదు. కూరల్లోకి కొట్టు పసుపే కొంటున్నాము, గ్లాసులో నీళ్ళు పోసి పరీక్ష చేసుకుని మరీ. పక్కవాటా అమ్మాయికి మాత్రం నా వాటాలోంచి నాలుగు కొమ్ములిచ్చాను, మూడో ఇల్లు కూడా ఉంటే మంచిదని. సంచికి కంతలు పెట్టావా అని ముందే అడిగాను.

మీకూ ఏ బంధువుల పెరట్లోనో పచ్చి పసుపు కనబడితే నాలుగు కొమ్ములు అడిగి తెచ్చుకోండి. మృగశిరకు పాతండి. భాద్రపదానికి ఒకవేళ పూస్తే, పువ్వు చూసి ముచ్చటపడండి. మాఘానికి తవ్వినప్పుడు మాత్రం, గుండిగ పొయ్యి మీదికి ఎక్కించేముందు, విత్తనం పక్కకు తీశారో లేదో ఒక్కసారి చూసుకోండి.